శనివారం సమోవాతో ఆట

ఉద్దానానికి టికెట్టు ఇమ్మని అడిగిన మనిషితో కలిసి నేను ఉద్దానం వెళ్ళాను. ఆ పేరుతో ఊరంటూ లేదని ఆయనకు తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకూ అంతంతమాత్రమే తెలుసు. తెనాలిలో పుట్టి పెరిగి, విశాఖపట్నంలో పత్రికోద్యోగం వెలగబెడుతూ కూడా శ్రీకాకుళం దాటి ఎప్పుడూ పోలేదు. పలాస అంటే జీడిపప్పు, ఉద్దానం అంటే కొబ్బరికాయలు. నా భూగోళ జ్ఞానం అక్కడితో సరి.

ఆయన పేరు అప్పలస్వామి. అరవై దాటిన మనిషి. పూలపూల చొక్కా తొడుక్కుని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక జూన్ మధ్యాహ్నం మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. ఫిజీ నుంచి వచ్చానన్నారు. పసిఫిక్ సముద్రం నడుమనున్న ఆ దీవుల్లో చెరకు తోటల పనికి తెల్లదొరల కాలంలో ఓడలెక్కించి తీసుకుపోయిన మన కూలీల మనవడాయన. ఆటల పేజీ ఎవరు చూస్తారని అడిగి, నేరుగా నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"శనివారం మా ఫిజీకీ పక్క దీవుల సమోవాకీ రగ్బీ ఆటున్నాది బావా. మీ కాయితంలో ఏత్తారా?"

మా పేజీలో ఆటలు రెండే రకాలు: క్రికెట్టు, క్రికెట్టు లేని రోజున టెన్నిస్. మా ఇన్‌చార్జి నవ్వు ఆపుకోలేక కాఫీకి లేచిపోయాడు. నాకు మాత్రం ఆ యాస మీద పడింది ధ్యాస. మనిషి ఏడు సముద్రాల అవతలివాడు, మాట మాత్రం శ్రీకాకుళం పల్లెది. ఎక్కడ నేర్చారంటే నాయనమ్మ దగ్గరన్నారు. ఆ నాయనమ్మ ఊరు వెతుక్కుంటూ మర్నాడే బయల్దేరుతున్నానన్నారు.

"ఏ ఊరండీ?"

"ఉద్దానం."

ఇన్‌చార్జి కాఫీ తాగి వచ్చేసరికి సెలవుచీటీ రాసి పెట్టాను. ఆదివారం పేజీకి కొబ్బరితోటల మీద ఒక వ్యాసం, దాంతోపాటు ఆ రగ్బీ ఆట గురించి ముందుగా నాలుగు ముక్కలు పంపాలన్న షరతు మీద వదిలాడు.

హరిశ్చంద్రపురం

పాసింజరు బండి హరిశ్చంద్రపురంలో ఆగింది. ఎదురుబండి వచ్చేదాకా కదలదన్నారు. ప్లాట్‌ఫారం మీద తాటిముంజలు అమ్ముతున్నారు, డజను ఐదు రూపాయలు. మా వైపు బేరమాడకుండా కొంటే అమ్మేవాడే అనుమానంగా చూస్తాడు. ఇక్కడ నేను బేరమాడితే ముసలమ్మ మారుమాట లేకుండా రెండు ముంజలు ఎక్కువేసి, "తినండి బావూ" అంది. బేరమాడినందుకు సిగ్గేసింది.

ముంజలు తింటూ సామి గారి చేత ఆట గురించి చెప్పించుకున్నాను. (ఫిజీలో అందరూ తనను సామి అంటారని, నన్నూ అలాగే పిలవమన్నారు.) రగ్బీ బంతి పీచు ఒలవని కొబ్బరికాయలా ఉంటుంది. పక్షానికి పదిహేనుమంది. బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తి, అవతలివాళ్ళ గీత దాటి నేలకు తాకించాలి. అవతలివాళ్ళు ఊరుకోరు, మీదపడి కూలదోస్తారు. తోటివాడికి బంతి ఇవ్వచ్చు గానీ, చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి.

"మరి మీవాళ్ళు గెలుస్తారంటారా?"

సామి గారు వేళ్ళు ముడిచారు. "లాభం, మా వోళ్ళ సేతులు. కిందపడతా కూడా పక్కోడికి బంతి అందిత్తారు. రెండు, కాళ్ళు. ఒకపాలి సందు దొరికితే గాలికి కూడా దొరకరు. మూడు, ఆట మా రాజధాని సువాలోనే. సమోవా వోళ్ళు మాత్రం కొండరాళ్ళు, మీదపడితే ఇంక లెగనివ్వరు. వాన పడితే బంతి జారతాది, అప్పుడు ఆట ఆళ్ళది."

రాసుకుంటున్నవాణ్ణి ఆగాను. "మొదటిది లాభం అన్నారేమిటి?"

"లాభమంటే ఒకటే గదా! తెలుగులో ఒకటిని లాభమంతారు," అన్నారాయన, నాకు తెలుగు రాదేమోనన్నట్టు చూస్తూ.

దిద్దబోయి ఊరుకున్నాను. మా తాతగారూ కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. తొలిమాట శుభంగా ఉండాలని మన రైతుల ఆచారం. కొలతకు మాత్రమే వాడే ఆ మాట సముద్రం దాటి, ఈయన ఇంట్లో మామూలు అంకెల్లో కలిసిపోయింది. ఆ నాయనమ్మ మనవడికి లెక్కలు నేర్పింది కూడా ఏ పంటనో కొలుస్తూనే అయ్యుంటుంది.

శనివారం ఆట ఎలా వింటారని అడిగాను.

"నాను ఇనను," అన్నారు.

పేపర్లో వెయ్యమని మా మెట్లెక్కిన మనిషి అలా అనేసరికి నాకు తిక్కరేగి, ఎందుకు వినరో చెప్పేదాకా వదల్లేదు. ఫిజీలో సామి గారి చెరకు పొలం ఆయనది కాదు. అక్కడ భూమి ఆ దీవుల మూలవాసులది. మనవాళ్ళు కౌలుకి తీసుకుని తరాలుగా సాగుచేశారు. కిందటేడు కౌలు గడువు తీరింది. భూమి వెనక్కిచ్చెయ్యమన్నారు పెద్దలు. ఆ పెద్దల మీటింగులో తోమాసి కూడా ఉన్నాడు. తోమాసి పక్కింటివాడు, మూలవాసి, ఈయన ఈడువాడు. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ కలిసి చెరకు కొట్టారు, నాయనమ్మ లెక్కలోనే కట్టలు లెక్కపెట్టుకుంటూ కలిసి బండికెత్తారు, ఆట ఉన్న ప్రతిరోజూ ఈయన వరండాలో రేడియో ముందు కలిసి అరిచారు. ఆ మీటింగులో మాత్రం తోమాసి తల వంచుకుని కూర్చున్నాడు.

"ఒక్క మాట, బావా. 'ఈడు మావోడు' అని ఒక్క మాటంటే సాలును. భూమి ఇయ్యకపోయినా సాలును. అననేదు. ఆ రోజునుంచి నాను ఆడి మొకం సూడనేదు." కిటికీ బయటికి తిరిగారు. "ఆడి కొడుకు శనివారం తొలిసారి దేశం సొక్కా ఏసుకుంతన్నాడు. ఇస్కూలినుంచి నేరుగా మా వొంటింట్లోకే వచ్చీవోడు. మామిడికాయ పచ్చడంటే పేనం."

పెళ్ళాం పోయింది, కూతురు కాపురం అక్కడే పట్నంలో. ఇల్లు ఖాళీ చేసి దాని పంచన చేరిన మనిషికి నాయనమ్మ చెప్పిన ఊరు గుర్తొచ్చింది. అది దొరికితే ఇంక అక్కడే ఉండిపోవాలని వచ్చారు. ఎదురుబండి వెళ్ళిపోయింది, మా బండి కదిలింది. మిగిలిన ముంజలు ఆయన ముట్టుకోలేదు.

టెక్కలి

టెక్కలి బస్టాండులో బస్సెక్కీ ఎక్కగానే సామి గారు కండక్టరుకి డబ్బులు చాపి, "ఉద్దానానికి రెండు" అన్నారు.

కండక్టరు టికెట్ల కట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఉద్దానమంటే ఊరు కాదు బావూ. ఇక్కడ్నించి ఇచ్ఛాపురం దాకా సముద్రం పక్కంతా ఉద్దానమే. తోటలున్న జాగాకంతా అదే పేరు. మీకు ఏ ఊరు కావాలో సెప్పండి."

సామి గారు చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. ఆ ఒక్క మాట పట్టుకుని వేల మైళ్ళు వచ్చారు. బస్సు దిగిపోయాం.

ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాం. మా తెనాలి పచ్చడి మొదటి ముద్దకే చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. ఇక్కడి బొంబాయి చట్నీ బుజ్జగిస్తుంది. పక్క కుర్చీలోనున్న ఒక ఆఫీసు గుమాస్తా గారు మా కథ విని ఎంతో ఉత్సాహంగా అడిగారు. "ఇంటిపేరు చెప్పండి సార్, చిటికెలో తేల్చేద్దాం."

"అదొక్కటే నేదండి," అన్నారు సామి గారు. ఓడ ఎక్కించినవాళ్ళు తాతకి ఒక్క పేరే రాసుకున్నారట. ఇంటిపేరు ఒడ్డునే ఉండిపోయింది. గుమాస్తా గారు చాలాసేపు ఆలోచించి, చివరికి మా ఇడ్లీల డబ్బు కూడా తానే ఇచ్చేసి, ఆఫీసుకు టైమైందని వెళ్ళిపోయారు. సాయం చెయ్యలేకపోయానన్న బాధ ఆయన నడకలో కూడా కనపడింది.

తిరిగి విశాఖపట్నం పోదామేమో అనుకున్నాను. సామి గారు కండక్టరు చెప్పిన మాటే మళ్ళీ అన్నారు. "ఇచ్ఛాపురం దాకా ఉద్దానమే అన్నాడు గదా బావా. ఎల్దాం. సూద్దాం."

పలాస

పలాస గాలిలోనే జీడిగింజలు కాలిన వాసన ఉంటుంది. కాశీబుగ్గ వెనకవైపు ఒక చిన్న బట్టీలోకి వెళ్ళాం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, కాల్చిన గింజను పగలగొట్టి పప్పు విడదీస్తున్నారు. చేతికి బూడిద రాసుకుంటారు, గింజలోంచి కారే జీడి అంటకుండా. అయినా వేళ్ళన్నీ నల్లబడిపోయాయి. మనం పాయసంలో వేసుకునే తెల్లటి పప్పుకు వెనక ఇన్ని నల్లటి చేతులున్నాయని నాకు అంతవరకూ తెలియదు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. గోనె మీద ఆరబోసిన పచ్చి గింజ ఒకటి తీసుకుని, మా ఊళ్ళో బాదంకాయ కొరికినట్టు పళ్ళతో కొరికాను. బట్టీలో ఆడవాళ్ళంతా ఒక్కసారే కేకేశారు.

"ఓలమ్మో! జీడి బావూ, మూతి కాలిపోద్ది! ఉమ్మియ్యండి, ఉమ్మియ్యండి!"

కొబ్బరినూనె రాశారు, నవ్వారు, మళ్ళీ రాశారు. ఘడియలో నా పెదవులు వడల్లా పొంగాయి. నూనె రాసిన పార్వతమ్మ అనే ఆమెకు మా ప్రయాణం సంగతంతా సామి గారే చెప్పారు, నాకు నోరు లేదు గనక.

"శనివారం మీ వోళ్ళు గెలుత్తారేటి?" అందామె.

"మా వోళ్ళంటే ఎవులమ్మా?" అన్నారు సామి గారు. "ఇక్కడ నాకు ఊరే నేదన్నారు. ఆళ్ళు ఫిజీ వోడివి కాదన్నారు."

పార్వతమ్మ చేతిలో గింజ పగలగొట్టి, పప్పు ఆయన అరచేతిలో పెట్టింది. "నాకు తెల్దు బావూ. ఎవులు గెలిత్తే నీకు అన్నం సయిత్తాదో ఆళ్ళే మీ వోళ్ళు," అంది. ఆయన పప్పు నోట్లో వేసుకోకుండా జేబులో వేసుకున్నారు.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి మా ఆఫీసుకు రగ్బీ వార్త చెప్పాను. ఫిజీ చేతులు, సమోవా కొండరాళ్ళు, సువా వాన, తోమాసి కొడుకు తొలి ఆట, పచ్చడి ముచ్చట కూడా. వాచిన మూతితో ప్రాణం పెట్టి చెప్పాను. అవతలివాడు "ఆ, ఆ" అంటూనే ఉన్నాడు.

కంచిలి దాటాక

కంచిలి దాటాక ఎండ ఉండదు. పైన కొబ్బరాకు, కింద జీడిమామిడి, మధ్యలో పనస. ఆ మధ్య తుఫానుకి మొవ్వు విరిగిన చెట్లు అక్కడక్కడా మొండిగా నిలబడున్నాయి. వాటి పక్కనే కొత్త మొక్కలు నాటారు. సామి గారు బస్సు దిగి, నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఇసకనేల మీద చెప్పులు విప్పేశారు.

"మా ఇల్లు ఇలాగే ఉంతాది," అన్నారు. "తోటెనకాల సముద్రం సప్పుడు కూడాను." నాయనమ్మ ఊరు చూడ్డానికొచ్చిన మనిషి అక్కడ తన ఇంటినే చూసుకుంటున్నారని నాకు అర్థమైంది. అంత దగ్గరగా నిలబడి కూడా నేనేం చెయ్యగలను? చెప్పులు పట్టుకుని వెనక నడిచాను.

కొంచెం లోపల ఒక తోటలో లారీకి కాయలెత్తుతున్నారు. కుప్ప దగ్గర ఒకడు, నడుమ ఇద్దరు, లారీ మీద ఇంకొకడు. కాయలు జతలు జతలుగా చేతులు మారుతూ గాలిలో పోతున్నాయి. కుప్ప దగ్గరున్న రైతు కొత్త లెక్క మొదలుపెట్టి, రాగంగా అన్నాడు:

"లాభం... లాభం... రెండు... రెండు... మూడు..."

సామి గారి గొంతు దానంతటదే కలిసింది. నాలుగు అన్నారు, ఐదు అన్నారు, అదే రాగం. రైతు చెయ్యి ఆపి తిరిగి చూశాడు. పూల చొక్కా, వట్టికాళ్ళు, కళ్ళనిండా నీళ్ళు.

"ఏ ఊరు మావా మీది?"

"ఉద్దానం," అన్నారు సామి గారు. వేరే ఏం చెప్పగలరు?

"ఉద్దానమే గదా, మరేడుత్తావేటి? రా, కూకో," అన్నాడు రైతు. అతని పేరు దానయ్య. కాసేపటికి మా ముందు రాగుల చోడంబలి, ఎండుచేప, పనసతొనలు వచ్చాయి. మా తెనాలిలో అతిథికి ముందు ఇంటిపేరు, ఆపైన మంచినీళ్ళు. ఇక్కడ తిన్నాక కూడా ఎవరూ ఇంటిపేరు అడగలేదు. దానయ్య తల్లి మాత్రం సామి గారి మాటలే వింటూ కూర్చుని, "మా అత్త ఇలాగే మాటాడీది. సచ్చిపోయి ఇన్నాళ్ళకి మళ్ళీ ఇన్నాను," అని కళ్ళు తుడుచుకుంది.

లారీ వెళ్ళాక ఆట చెప్పమన్నారు. సామి గారు ఇసకలో గీతలు గీసి, ఎండుకాయలు సమోవాగా, బొండాలు ఫిజీగా నిలబెట్టారు.

"ముందుకి ఇసరకూడదా?" అన్నాడు దానయ్య. "మరి ముందుకెలాగెల్తారు?"

"బంతి ఎనక్కిచ్చుకుంటా మనుసులు ముందుకెల్తారు."

"సిత్రమే. మరి వాన పడితే?"

"అదే నా బయ్యం. బంతి జారిపోద్ది."

"తడిసినకాడ కాయ ఇసరకూడదు మావా. మేమైతే దగ్గిరకొచ్చి సేతిలో సెయ్యెట్టి అందిత్తాం. మీవోళ్ళకి సెప్పు."

సామి గారి మొహం వెలిగింది. "నిజమే! తోమాసికి సెప్పాల, ఆడు కొడుక్కి..." అంటూ లేవబోయారు. అంతలో సంగతి గుర్తొచ్చింది. మళ్ళీ కూర్చుని, బొండాలు ఒక్కొక్కటీ తీసి కుప్పలో పెట్టేశారు. తోమాసి ఎవరని దానయ్య అడిగాడు. పక్కింటివాడన్నాను.

పొద్దు వాలుతుంటే దానయ్య తల్లితో ఏదో మాట్లాడి వచ్చాడు. "మావా, తోట సివర జాగా ఉన్నాది. పాకేసుకో. నువ్వు మావోడివే. ఏ ఊరైతే ఏటి, ఈ ఊరే అనుకో."

ఫిజీ మీటింగులో తోమాసి నోట రాని ఆ మాట ఇక్కడ అడక్కుండానే వచ్చింది. సామి గారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. దానయ్య రెండు చేతులూ పట్టుకుని, "రేపు సెప్తాను బావా," అన్నారు. తర్వాత ఆకాశం వైపు చూశారు. తూర్పున సముద్రం మీద మబ్బు పట్టింది. సువా కూడా అటే.

మళ్ళీ కాశీబుగ్గ

శనివారం తొలి బస్సుకి కాశీబుగ్గ వచ్చేశాం. పేపర్లో ఏం పడిందో చూడాలని ఆయనదే తొందర; దానయ్యకి జవాబు తిరిగొచ్చి చెప్తానన్నారు. అక్కడ మధ్యాహ్నం మూడు గంటలకు ఆటంటే, మనకు పొద్దున్న ఎనిమిదిన్నర. టీకొట్టు దగ్గర పేపరు కొని వెతికాను. సగం పేజీ క్రికెట్టు, దాని కింద కుట్టుమిషన్ల ప్రకటన, ఆ కింద నా వార్త: 'ఫిజీ, సమోవా రగ్బీ జట్లు నేడు సువాలో తలపడనున్నాయి. పోటీ ఆసక్తికరంగా సాగనుంది.' ఫోనులో నా మాట అంతకు మించి అర్థం కాలేదని తర్వాత చెప్పారు.

సామి గారికి తెలుగు చదవడం రాదు. పైకి చదవమన్నారు. చదివాను.

"తోమాసి కొడుకు మాట?"

"లేదండీ."

"వాన మాటైనా?"

"అదీ లేదు."

పేపరు తీసుకుని, ఆ రెండు వాక్యాలున్న మూలని వేలితో ఒకసారి తడిమి, మడిచి జేబులో పెట్టుకున్నారు. జేబులో చెయ్యి పెట్టేసరికి పార్వతమ్మ ఇచ్చిన జీడిపప్పు తగిలింది. దాన్ని తీసి నోట్లో వేసుకుని నమిలారు. తర్వాత నాకేమీ చెప్పకుండా రోడ్డు దాటి ఎస్టీడీ బూతులోకి నడిచారు.

నంబరు కాగితం మీద లేదు, నోటికే వచ్చు. బూతు ఆయన నొక్కి, రిసీవరు అందించాడు. అవతల ఎవరో ఎత్తారు. సామి గారు రిసీవరు రెండు చేతులా పట్టుకున్నారు. మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెడుతున్నాయి.

"మాటాడండి బావూ, ఊరుకున్నారేటి? బిల్లు పెరిగిపోతన్నాది," అన్నాడు బూతు ఆయన.

అప్పుడు సామి గారు, వాళ్ళిద్దరూ మాట్లాడుకునే ఫిజీ హిందీలో, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. అక్కడ వాన పడుతోందా అని.

అవతలినుంచి జవాబు చాలాసేపు వచ్చింది. ఏమిటో నాకు వినపడలేదు గానీ, సామి గారు బూతు స్టూలు లాక్కుని కూర్చున్నారు. వాన పడుతోందట, రిసీవరు చేత్తో మూసి నాకు చెప్పారు. తోమాసి ఏడాదిగా ఆట రోజున రేడియో పెట్టలేదట, ఇవాళ మాత్రం తీసుకెళ్ళి ఈయన పాత వరండాలో పెట్టాడట. ఫోను తీగ అక్కడిదాకా లాగాడట. "తీగ సాలనేదు, కిటికీలోంచి అందుకుంతన్నాను అంతన్నాడు," అని నవ్వారు. నాలుగు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

ఆట మొదలైందట. తోమాసి రిసీవరు రేడియో దగ్గర పెట్టినట్టున్నాడు. గరగరలో జనం హోరు మాకూ వినపడింది. బూతు ఆయన లోపలి ఫ్యాను కట్టేశాడు, నేను తలుపు మూశాను. హోరు పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఎవరి చేతిలో బంతి ఉందో మాకేం తెలుసు? సామి గారి పిడికిలి చూసి ఆట తెలుసుకున్నాం. అది బిగిసింది, ఇంకా బిగిసింది, ఆయన స్టూలు మీంచి లేచారు. అంతలో వేల మైళ్ళ అవతలినుంచి ఒక ముసలి గొంతు రిసీవరు పగిలిపోయేలా అరిచింది:

"లాభం!"

బూతు ఆయన ఉలిక్కిపడి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"ఆయనదీ మన ఉద్దానమేనేటండీ?"

సామి గారు చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నారు. "కాదు బావూ," అన్నారు. "నాదే ఆడి ఊరు."